252వ సంచిక – ఒక పరిశీలన

కామిక్ పుస్తకం అనగానే మన పెద్దలు నొసలు చిట్లిస్తారు. "డిగ్రీకొచ్చి ఇంకా బొమ్మల పుస్తకాలేమిట్రా!" అనడం మామూలే. అయినా ఈ వ్యాసానికి బొమ్మల పుస్తకాన్నే తీసుకున్నాను. కథ చెప్పడంలో ఎదురయ్యే ఒక గట్టి చిక్కు, దాన్ని విప్పిన నేర్పు, ఆ నేర్పు వెనకాల నడిచిన వ్యాపారం – మూడూ ఒక్క సంచికలో కనిపిస్తాయి కనుక.

ఆ పత్రిక "ది అమేజింగ్ స్పైడర్‌మాన్". సంచిక 252. అమెరికాలో మార్వెల్ సంస్థ ప్రచురించింది. ముఖపత్రం మీద మే 1984 అని ఉంటుంది. నాకది ఆబిడ్స్‌లో ఆదివారం పాతపుస్తకాల గుట్టలో దొరికింది. దాని ముందుది లేదు, తర్వాతదీ లేదు. అలా పేవ్‌మెంటు మీద కొనుక్కునే మనకు ఎప్పుడూ కథ నడుమే దొరుకుతుంది. అందుకే నా ప్రశ్న కూడా అక్కడే పుట్టింది: పెద్ద కథలో ఒక ముక్కగా అచ్చయిన సంచిక, ఆ ఒక్కటే కొన్నవాడికి న్యాయం చేస్తుందా?

క్రాస్‌ఓవర్ అంటే

మార్వెల్‌లో ఒక్కో వీరుడికి ఒక్కో నెలవారీ పత్రిక. అందరూ ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో ఉన్నట్టు లెక్క. అప్పుడప్పుడు వీళ్ళందరినీ ఒకచోట చేర్చి పెద్ద కథ ఒకటి నడుపుతారు. అదే క్రాస్‌ఓవర్. ఆ పెద్ద కథను ఆనుకుని వచ్చే విడి పత్రిక సంచికను టై-ఇన్ అంటారు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. 1957 నాటి "మాయాబజార్" చూడండి. భారతం పెద్ద కథ. శశిరేఖా పరిణయం దాని పక్కన నడిచే కథ. కురుక్షేత్రంలో ఏమవుతుందో ఆ సినిమా చెప్పదు. చెప్పక్కర్లేదు, చూసేవాళ్ళందరికీ తెలుసు. అభిమన్యుడు నవ్వుతుంటే మన గుండె కలుక్కుమనేది అందుకే.

స్పైడర్‌మాన్ రచయితలకు ఈ సౌకర్యం లేదు. వాళ్ళ పెద్ద కథ అప్పటికి ఎవరికీ తెలియదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

కాలం తిరగబడిన కథ

పెద్ద కథ పేరు "సీక్రెట్ వార్స్". రచన జిమ్ షూటర్. బొమ్మలు ఎక్కువ భాగం మైక్ జెక్ వేశాడు. మే 1984 నుంచి ఏప్రిల్ 1985 దాకా 12 సంచికలు. బియాండర్ అనే అపారశక్తి వీరులనూ, విలన్లనూ ఎత్తుకుపోయి ఒక వింత గ్రహం మీద దింపుతుంది. శత్రువులను గెలిస్తే కోరింది ఇస్తానంటుంది. ఇదీ కథ.

ఇప్పుడు వరస గమనించండి. 251వ సంచిక చివర స్పైడర్‌మాన్ న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మాయమవుతాడు. నెల తిరిగేసరికి 252లో తిరిగొచ్చేస్తాడు. అదే మే నెల తేదీతో సీక్రెట్ వార్స్ మొదటి సంచిక. అంటే యుద్ధం మొదలైన నెలలోనే యుద్ధం నుంచి తిరిగొచ్చాడన్నమాట! మధ్యలో జరిగింది తెలియాలంటే పాఠకుడు ఏడాదిపాటు ఆగాలి.

తిరిగొచ్చినవాడు వెళ్ళినవాడిలా లేడు. ఎరుపూ నీలమూ పోయి ఒళ్ళంతా నలుపు. రొమ్ము మీద పెద్ద తెల్ల సాలీడు. ఈ దుస్తులెక్కడివి?

రచయితలు ఏం చేశారు?

252 కథ రోజర్ స్టెర్న్, టామ్ డిఫాల్కోలది; బొమ్మలు రాన్ ఫ్రెంజ్‌వి. వాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. చెప్తే పెద్ద కథ గుట్టు రట్టవుతుంది. దాటవేస్తున్నట్టు కనబడినా పాఠకుడికి కోపం వస్తుంది. అందుకని యుద్ధాన్ని పక్కన పెట్టి, ఇంటికి చేరిన మనిషిని పట్టుకున్నారు. సంచిక శీర్షికే "హోమ్‌కమింగ్". దూరదేశం నుంచి వచ్చినవాడు రైలు దిగి ఊరిగాలి పీల్చుకోడూ, అలాంటి ఆనందం. దానికి ముందు సంచికా అక్కర్లేదు, తర్వాత సంచికా అక్కర్లేదు. నేను ఒక్క సంచికతో నిలబడగలిగింది ఆ ఆనందం పట్టుకునే.

ముఖపత్రంలోనూ ఇదే తెలివి ఉంది. 1962 ఆగస్టు "అమేజింగ్ ఫాంటసీ" 15వ సంచికలో స్పైడర్‌మాన్ మొదటిసారి కనిపించాడు. ఆ అట్టమీది భంగిమనే 252 అట్టమీద మళ్ళీ వేశారు, నల్లదుస్తులతో. పాత పాఠకుడికి అది గుర్తు. కొత్తవాడికి అదే ఆరంభం.

ఇక దుస్తుల సంగతి. తలచుకుంటే చాలు, మామూలు బట్టల్లా మారిపోతాయి. మన కథానాయకుడికి తెగ ముచ్చట! కానీ 258వ సంచికలో (నవంబరు 1984) అసలు నిజం బయటపడుతుంది: అవి బట్టలు కావు, ప్రాణమున్న జీవి. తమాషా ఏమంటే, వాటిని అతనెక్కడ తొడుక్కున్నాడో చూపించే సీక్రెట్ వార్స్ 8వ సంచిక డిసెంబరు తేదీతో వచ్చింది! చిరిగిన బట్టల బదులు కొత్తవి కావాలని వెళ్ళి, పొరపాటున వేరే యంత్రం దగ్గర నిలబడతాడు. ఒక నల్ల ఉండ వచ్చి చేతిలో పడి ఒళ్ళంతా పాకుతుంది. అతనికి ఆనందం, మనకు వణుకు. ఫలితం ముందు తెలిసి కారణం తర్వాత చూడటం వల్ల పుట్టిన వణుకు అది. మాయాబజార్‌లో పాఠకుడి దగ్గర ముందే ఉన్న జ్ఞానాన్ని వీళ్ళు ఏడు నెలల్లో తయారు చేసుకున్నారన్నమాట.

లెక్కల పద్దు

ఇంతవరకూ కళ. ఇక లెక్కలు.

సీక్రెట్ వార్స్ పుట్టింది బొమ్మల వ్యాపారం కోసం. మాటెల్ అనే ఆటబొమ్మల సంస్థ మార్వెల్ వీరుల బొమ్మలు అమ్మదలచి, తోడుగా ఒక పెద్ద కథ కావాలంది. పిల్లలకు నచ్చే మాటలని వాళ్ళకు తోచిన రెండు మాటలు కలిపి ఆ పేరు పెట్టారని షూటరే చెప్పాడు.

మరి నల్లదుస్తుల ఆలోచన? 1982లో ఒక యువ పాఠకుడు స్పైడర్‌మాన్‌కు నల్లదుస్తులు వేస్తే బాగుంటుందని రాసి పంపాడు. మార్వెల్ ఆ ఆలోచనను 220 డాలర్లకు కొనుక్కుంది. ఆ నలుపులోంచే 1988లో 300వ సంచికలో వెనమ్ అనే ప్రతినాయకుడు పూర్తి రూపంతో వచ్చాడు. తర్వాత సినిమాలు వచ్చాయి. సీక్రెట్ వార్స్ 8లో నల్లదుస్తులు తొడిగే ఆ ఒక్క పేజీ మూల చిత్రం 2022 జనవరిలో వేలంలో 33 లక్షల 60 వేల డాలర్లు పలికింది. 220 ఎక్కడ, 33 లక్షలెక్కడ!

మోసమని నేననను. అడిగారు, ఇచ్చాడు. అమెరికా 1976 కాపీరైట్ చట్టం 1978 నుంచి అమల్లోకొచ్చాక, కిరాయికి చేసిన పనికి హక్కుదారు చేయించుకున్నవాడేనని మార్వెల్ తన రచయితల చేత, చిత్రకారుల చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. అయితే ఆలోచన ఇచ్చినవాడికి దాని విలువ ఇచ్చేనాటికి తెలియదు. కొన్నవాడికీ తెలియకపోవచ్చు. కానీ పెరిగిన విలువ మాత్రం ఒక్కరివైపే పోయింది. మన కాలేజీలో కథలు రాసేవాళ్ళు, అట్టబొమ్మలు వేసేవాళ్ళు ఉన్నారు. రేపు ఎక్కడో సంతకం పెట్టేముందు కాగితం రెండోసారి చదవండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తులేకపోయినా ఇది గుర్తుంటే చాలు.

తేల్చిందేమిటి?

వ్యాపారం కోసం పుట్టింది కాబట్టి 252 చెడ్డదని నేననుకోను. టై-ఇన్ సంచికను తూచడానికి నాకు తోచిన కొలతలు రెండు. ఒకటి, ఆ ఒక్కటే చదివినవాడికి మొదలూ చివరా ఉన్న ఒక అనుభవం దక్కిందా? రెండు, మిగిలిన సంచికలు చదివినప్పుడు దీని బరువు పెరిగిందా? 252 రెండింటా నెగ్గుతుంది. 1985లో వచ్చిన "సీక్రెట్ వార్స్ 2" అలా కాదు. తొమ్మిది సంచికల ఆ కథను ఎన్నో విడి పత్రికల్లోకి పాకించారు. కథ పూర్తిగా కావాలంటే అన్నీ కొనాలి. అక్కడ పాఠకుడు ఖాతాదారైపోయాడు.

సీక్రెట్ వార్స్ 8 నా చేతికొచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది. అంతవరకూ ఆ దుస్తులెలా వచ్చాయో హాస్టల్ గదిలో మేమే కల్పించుకున్నాం. ఒకడు శాపమన్నాడు, ఒకడు బహుమతి అన్నాడు, మెస్సు గంట కొట్టేదాకా వాదించుకున్నాం. తీరా చదివితే అసలు జవాబు కంటే మా కథల్లో ఒకటి రెండు మెరుగ్గానే ఉన్నాయనిపించింది. నడుమ దొరికిన పుస్తకం ముందువెనకలను మన చేతే రాయిస్తుంది. ఆ రాతకు మాత్రం ఎవరి సంతకమూ అక్కర్లేదు.