తన్ను గురించి తాను: విజ్ఞాన సర్వస్వ వ్యాస రచన

ప్రమాణాలతో సరిచూసిన సమాచారాన్ని క్రమపద్ధతిలో అందించే గ్రంథమే విజ్ఞాన సర్వస్వం. తెలుగులో ఈ మహత్కార్యానికి పూనుకొన్న కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించేనాటికి ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ మూడు సంపుటాలే వెలువడ్డాయి. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలోనైతే ఎవరైనా వ్యాసం వ్రాయవచ్చు. కలం అందరి చేతికీ వచ్చింది గనుక ఒక ప్రశ్న పుట్టింది: ఎవరి గురించి వారే వ్యాసం వ్రాసుకొనవచ్చునా? వికీపీడియా సంప్రదాయం దీనిని ప్రోత్సహించదు. అందుకు కారణాన్ని మన గోదావరీ తీరంలోనే వెదకుదాం.

రాజమహేంద్రవరానికి చెందిన కందుకూరి వీరేశలింగం ‘స్వీయచరిత్రము’ రచించారు. 1881లో తాము జరిపించిన వితంతు వివాహం వంటి ఘట్టాలను అందులో ఉత్తమ పురుషలో, తమ దృష్టితో చెప్పారు. అది రచయిత సొంత మాట అని పాఠకునికి ముందే తెలుసు.

మరి ‘నేను’ అన్నచోట ‘అతడు’ అని మార్చితే చాలునా? చాలదు. అదే నగరంలో పదకొండవ శతాబ్దంలో నన్నయ భారత అవతారికలో తన్ను గురించి ప్రథమ పురుషలోనే చెప్పుకొన్నాడు. రాజరాజనరేంద్రునికి కులబ్రాహ్మణుడనని, రెండు భాషలలో కావ్యరచన చేయగలవాడనని, ఎల్లప్పుడూ సత్యమే పలుకువాడనని ఆ వర్ణన సారాంశం. రాజాస్థానంతో ఆయనకు గల సంబంధాన్ని 1053 నాటి నందంపూడి శాసనంతో సరిచూడవచ్చు. సత్యవాక్కును సరిచూడడానికి ఏ శాసనమూ లేదు. మొదటిది విషయం, రెండవది ప్రశంస. కావ్యానికి రెండూ అలంకారాలే. విజ్ఞాన సర్వస్వానికి మాత్రం మొదటిదే పనికివస్తుంది.

ఇప్పుడు నగరానికి చేరువలోని ధవళేశ్వరానికి వద్దాం. ఇక్కడ 1847లో ప్రారంభమైన ఆనకట్ట సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852లో పూర్తయింది. ‘కాటన్ మహనీయుడు’ అనడం అభిప్రాయం. ‘డెల్టా గ్రామాలలో కాటన్ విగ్రహాలు నెలకొల్పారు’ అనడం విషయం. రెండవ వాక్యం పొగడకుండానే ప్రజల కృతజ్ఞతను తెలుపుతున్నది. కాటన్ జీవితచరిత్రను ఆయన కుమార్తె లేడీ హోప్ 1900లో ప్రకటించారు. అది విలువైన ఆధారమే. అయినా కుటుంబ సభ్యురాలి రచన కనుక దానిని ప్రభుత్వ పత్రాలతో పోల్చి చూడాలి.

ఇంకొక కారణమూ ఉన్నది. ‘ఈ ఆనకట్ట నేను కట్టాను’ అని ఒకరు వ్రాసుకొంటే, ఆ వాక్యంలో నిర్మాణానికి తోడ్పడిన వీణెం వీరన్నకు చోటుండదు. రాళ్లు మోసిన కూలీలకూ ఉండదు. తన కథలో తాను పెద్దగా కనిపించడం మానవ సహజం. అందువల్లనే ఆ వ్యాసాన్ని ఇతరులు వ్రాయాలి.

అయితే అభ్యాసంగా ఈ రచన మిక్కిలి మేలు చేస్తుంది.

అభ్యాసము

1. మిమ్ములను గురించి ప్రథమ పురుషలో పది వాక్యాలు వ్రాయండి.
2. ప్రతి వాక్యానికి ఎదురుగా, మీరు గాక మరెవరు దానిని ధ్రువపరచగలరో పేర్కొనండి.
3. సాక్ష్యం లేని వాక్యాలను, ‘ఉత్తమ’, ‘అద్భుత’ వంటి విశేషణాలను కొట్టివేయండి.
4. మీ విజయాలలో తోడ్పడినవారి పేర్లు చేర్చండి.

చివరకు మూడు వాక్యాలే మిగిలినా చింతించవలదు. కొట్టివేసినవన్నీ అసత్యాలు కావు. మీ ఆశలు, భయాలు, ఇష్టాలు వాటిలోనే ఉన్నాయి. వాటికి తగిన చోటు దినచర్య పుస్తకం, ఉత్తరం, స్వీయచరిత్ర. ఏ మాట ఎక్కడ చెప్పాలో తెలియడమే ఈ పాఠం ప్రయోజనం.