కలుషిత నేల, భూగర్భ జలాల శుద్ధి: పటాన్‌చెరు పాఠాలు – కోసిగి నేలలకు అన్వయం

పరిచయం

వ్యాపార, పారిశ్రామిక స్థలాలలో ఒలికిన ఇంధనం గాని, రసాయన వ్యర్థం గాని నేల పైపొరలోనే నిలిచిపోదు. వాననీటితో కిందికి దిగి భూగర్భ జలాన్ని చేరుతుంది. అందువలన నేలను, నీటిని వేర్వేరుగా శుద్ధి చేయబూనడం ఫలించదు. బోరుబావిపై ఆధారపడిన రాయలసీమ మెట్ట గ్రామాలలో ఈ పొరపాటు భారం నేరుగా రైతుపైనే పడుతుంది.

పటాన్‌చెరు అనుభవం

1970వ దశకం నుండి పటాన్‌చెరు పరిసరాలలో ఔషధ, రసాయన పరిశ్రమలు విస్తరించాయి. వాటి వ్యర్థజలాలు నక్కవాగు ద్వారా మంజీరా వైపు ప్రవహించి, వాగు వెంబడి పొలాలను, బావులను పాడుచేశాయి. 1990లో ఈ సమస్య సుప్రీంకోర్టుకు చేరింది. అనంతరం ఉమ్మడి శుద్ధి కేంద్రం ఏర్పడింది. అయినప్పటికీ, ఆ కేంద్రం నుండి వెలువడిన నీటిలో లీటరుకు 28 నుండి 31 మిల్లీగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. ఏ పదార్థాన్ని తొలగించవలెనో ముందుగా గుర్తించని శుద్ధి అసంపూర్ణమేనని దీనివలన తెలుస్తున్నది.

ఇచ్చటి గ్రానైట్ శిలల పగుళ్లలో నిలిచిన కాలుష్యాన్ని, నీటిని తోడి శుద్ధి చేసే పద్ధతితో త్వరగా వదిలించలేము. తోడడం ఆపిన కొంతకాలానికి పగుళ్లలో మిగిలినది మరల నీటిలోకి వస్తుంది.

కోసిగి నేలలకు అన్వయం

కోసిగి ప్రాంతంలోనూ అడుగున గ్రానైట్, నైస్ శిలలే ఉన్నాయి. పైనున్న నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. తొలకరి జల్లు ఆ నెర్రెల గుండా కలుషితాన్ని వేగంగా లోతుకు చేర్చగలదు. కాబట్టి పైపొర నమూనాతో సరిపెట్టుకొనరాదు. వివిధ లోతుల మట్టిని, సమీప బోరు నీటిని, కాలుష్యం సోకని ఎగువ స్థలపు నమూనాలను కలిపి పరీక్షించవలెను.

చికిత్సలో మరింత జాగ్రత్త అవసరం. ఆమ్ల నేలలలో సున్నం వేసి సీసం, కాడ్మియంలను కదలకుండా చేస్తారు. మన క్షారగుణపు నల్లరేగడిలో సున్నం వలన అదనపు ప్రయోజనం స్వల్పం. పైగా క్షార స్థితిలో ఆర్సెనిక్, ఆరు సంయోజకత గల క్రోమియం మరింత చలనశీలమవుతాయి. సీసాన్ని బంధించే ఫాస్ఫేటు ఎరువు, ఆర్సెనిక్‌ను మట్టికణాల నుండి విడిపించి నీటిలోకి పంపగలదు. రెండూ ఉన్న చోట ఈ ఎరువు ఒక రోగానికి మందై, మరొక రోగానికి కారణమవుతుంది. పశువుల ఎరువు వంటి సేంద్రియ పదార్థం ఆరు సంయోజకత గల క్రోమియంను తక్కువ విషపూరితమైన రూపానికి మార్చుటకు తోడ్పడుతుంది. పెట్రోలు, డీజిల్ వంటి వాటిని గాలి, తేమ, నత్రజని అందిన సూక్ష్మజీవులు క్రమంగా విచ్ఛిన్నం చేస్తాయి. లోహాలు మాత్రం నశించవు. ఆవ వంటి మొక్కలతో వాటిని తీసివేసినప్పుడు, కోసిన పైరును పశువులకు మేపరాదు.

ముగింపు

మొదట కాలుష్య మూలాన్ని ఆపుట, పిదప కలుషితాన్ని గుర్తించుట, ఆ తరువాతనే చికిత్స. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ వరుసను తప్పరాదు. శుద్ధి పూర్తయినదని చెప్పుటకు పచ్చగా పెరిగిన పైరు చాలదు. వరుసగా కొన్ని రుతువులపాటు బోరు నీటి పరీక్ష నిలకడగా ఉన్నప్పుడే ఆ మాట చెప్పవలెను.