పక్క ఫ్లాట్‌లో చప్పుడు వినిపిస్తే

పక్క ఫ్లాట్‌లో భార్యను కొడుతున్న చప్పుడు వినిపిస్తున్నా, "మొగుడూపెళ్లాల గొడవ, తలదూరిస్తే మన వీసాకే ఎసరొస్తుంది" అని ఒమన్‌లోని సీబ్‌లో మనవాళ్లు వెనకాడతారు. కానీ మబేలాలోనో అల్ ఖూద్‌లోనో ఉన్న ఆ అమ్మాయికి పుట్టిల్లు దగ్గర్లో లేదు. గోడకు ఇవతల ఉన్న మనమే దిక్కు.

మన దేశపు 2005 నాటి గృహహింస చట్టంలో నాలుగో సెక్షన్ ఇలాంటివాళ్ల కోసమే ఉంది. హింస జరిగిందనే కాదు, జరిగేలా ఉందనిపించినా ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. ఆ అధికారి సీబ్‌కు రాలేడు కాబట్టి ఇక్కడ ముందు చేయాల్సింది పోలీసులకు, 9999కు ఫోన్. గృహహింసకు ఒమన్‌లో విడిగా చట్టం లేకున్నా కొట్టడం ఇక్కడి శిక్షాస్మృతిలోనూ నేరమే. పిల్లలకు ప్రమాదముంటే 1100కు ఫోన్ చేయండి. మస్కట్‌లోని మన రాయబార కార్యాలయానికీ తెలియజేయండి.

ఆమెను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే "మెట్ల మీద జారిపడ్డాను" అని చెప్పనివ్వకండి. ఆ ఒక్క అబద్ధం రేపు కోర్టులో ఆమెకే అడ్డుపడుతుంది. కొట్టింది భర్తేనని రాయించండి. గాయాల ఫొటోలు, పాస్‌పోర్టు కాపీ ఆ రోజే వాళ్లమ్మకు వాట్సాప్‌లో పంపించండి.

ఆమె ఇండియాకు వెళ్లిపోతే, పుట్టింట్లో తాత్కాలికంగా ఉన్నా గృహహింస చట్టం కింద అక్కడి మేజిస్ట్రేటు కోర్టులోనే పిటిషన్ వేయొచ్చు. క్రిమినల్ కేసు సంగతి వేరు. ఒంగోలులో పెళ్లై భర్తతో బోట్స్వానా వెళ్లిన యువతి కేసులో సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది: విదేశంలో జరిగిన వేధింపులపై ఫిర్యాదును ఇండియాలో స్వీకరించవచ్చు, విచారణకు మాత్రం కేంద్రం అనుమతి కావాలి. కట్నం నేరం ఇండియాలోనే జరిగి ఉంటే ఆ అనుమతి అక్కర్లేదు.

అసలు దెబ్బ పడకముందే ఆపడం ఎలా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. తాగొచ్చి కొట్టే మొగుళ్ల విషయంలో ఒక్కో ఇల్లాలూ విడిగా చేయలేనిది, అక్షరాస్యత తరగతుల్లో కలిసి కూర్చున్నాక సాధ్యమైంది. అలాగే ఇక్కడ ఉగాదికీ బతుకమ్మకూ కలిసే మన సంఘాలు ఇద్దరు ముగ్గురు నమ్మకమైన అక్కలను ఎంచి, వాళ్ల నంబర్లు కొత్తగా వచ్చిన ప్రతి కోడలి ఫోన్‌లో వేయించాలి. బాధితురాలు ఒప్పుకోకుండా ఆమె పేరుతో ఫిర్యాదు రాయకండి. ప్రాణానికే ముప్పుంటే మాత్రం అనుమతి కోసం చూడొద్దు, ఫోన్ చేయండి.