సిక్లిడ్ చేపలకు ముందు నీళ్లు మాగాలి

పచ్చి పెంట తీసుకుపోయి చేలో గుమ్మరిస్తే పైరు మాడుతుందని రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గుంతలో నెలల తరబడి మాగితేనే అది ఎరువు. అద్దాల తొట్టిలో రంగు చేపలు పెంచేవారికి మాత్రం ఇలాంటి సంగతే ఒకటి ఎవరూ చెప్పరు. తొట్టి అమ్మినవాడు చెప్పడు. చేపలు అమ్మినవాడు అసలే చెప్పడు, ఎందుకంటే చేపలు చస్తే మళ్లీ కొనేది అతని దగ్గరే కదా!

ఖాజాగూడ ఒకప్పుడు చెరువు కింద సాగు చేసుకున్న పల్లె. ఇప్పుడు అక్కడ గుట్టల చుట్టూ అపార్టుమెంట్లు. వాటిల్లో చాలా ఇళ్లల్లో సిక్లిడ్ జాతి చేపల తొట్లు ఉన్నాయి. ఆ మధ్య బంధువుల ఇంటికి అటు వెళ్లినప్పుడు వాచ్‌మన్ ఒకరు నన్ను ఆపారు. నారాయణపేట దగ్గరి పల్లె ఆయనది. రెండెకరాల మెట్ట ఉంది, బోరు ఎండిపోతే భార్యతో సహా ఇటు వచ్చేశారు. ఒక ఫ్లాటు యజమానులు రెండు నెలలు అమెరికా వెళుతూ తాళాలు ఇచ్చి, "చేపలకు రోజూ మేత వెయ్యి, తొట్టి శుభ్రంగా ఉంచు" అని చెప్పారట. ఆయన అక్షరాలా అలాగే చేశారు. నీళ్లన్నీ తోడేశారు, రాళ్లు తోమారు, ఫిల్టరులోని స్పాంజి ముక్కలు నల్లా కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా పిండారు. మళ్లీ కొత్త నీళ్లు నింపారు. తొట్టి తళతళలాడింది. నాలుగో రోజుకు చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. ఆకలేమోనని ఇంకాస్త మేత వేశారు. ఎనిమిదో రోజుకు పద్నాలుగింటిలో పదకొండు పోయాయి.

"జీతంల కోస్తమంటున్నరు సారూ. ఎడ్ల కుడితి తొట్టి గిట్లనే కడుగుతం గద. నేనేం తప్పు జేసిన?" అని అడిగారు.

తప్పు ఆయనది కాదని నేను అంటాను. శుభ్రంగా ఉంచమన్నవారికే శుభ్రం అంటే ఏమిటో తెలియదు.

అసలేం జరిగింది?

చేనుకు యూరియా చల్లితే నేలలో ఏమవుతుందో ఈ పేజీలో ఎన్నోసార్లు రాశాం. ముందు అమ్మోనియాగా మారుతుంది. దాన్ని ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైటుగా మారుస్తాయి, ఇంకో రకం సూక్ష్మజీవులు నైట్రేటుగా మారుస్తాయి. పైరు తీసుకునేది ఎక్కువగా ఆ చివరిదాన్నే. అద్దాల తొట్టిలో జరిగేదీ ఇదే. చేప మొప్పల గుండా అమ్మోనియా వదులుతుంది. రెట్ట, మిగిలిపోయిన మేత కుళ్లినా అమ్మోనియానే. అది చేపకు విషం. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు మరీ ఎక్కువైతే తప్ప అంత ప్రమాదం లేదు. ఈ పని చేసే సూక్ష్మజీవులు ఉండేది స్పాంజికి పట్టిన గోధుమరంగు జిగటలోనే. చూడటానికి మురికిలా ఉంటుంది, తొట్టికి ప్రాణం మాత్రం అదే. వాచ్‌మన్ అన్న దాన్ని క్లోరిను కలిసిన నల్లా నీళ్ల కింద పిండేశారు. అంటే మాగిన పెంటకుప్పను ఎత్తిపోసి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టినట్టు. చేపలు మాత్రం అన్నీ ఉన్నాయి, రోజూ అమ్మోనియా వదులుతున్నాయి. పైగా మేత పెంచారు.

అందుకే కొత్త తొట్టి కొన్నరోజే చేపలు వేయకూడదు. నీళ్లు నింపి, ఫిల్టరు రాత్రింబవళ్లు నడుపుతూ, రోజుకు చిటికెడు చేపల మేత ఉత్త నీళ్లల్లోనే వేస్తూ పోవాలి. ఆ మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది, దాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అక్వేరియం దుకాణాల్లో చుక్కల మందుతో చేసే నీటి పరీక్ష పెట్టెలు దొరుకుతాయి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి, నైట్రేటు కనిపిస్తే నీళ్లు మాగినట్టు. తెలిసినవారి దగ్గర బాగా నడుస్తున్న తొట్టి ఉంటే, వారి ఫిల్టరులోంచి స్పాంజి ముక్క ఒకటి తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టరులో పెట్టుకోండి. పెరుగుకు తోడు వేసినట్టు పనిచేస్తుంది. సగం రోజులు కలిసివస్తాయి. కాకపోతే ఆ తొట్టిలో రోగం లేదని చూసుకోవాలి.

స్పాంజిని కడగకూడదా అంటే, కడగాలి. తొట్టిలోంచి తోడిన పాత నీళ్లనే బకెట్లో పోసుకుని, అందులో రెండు మూడుసార్లు మెల్లగా పిండితే చాలు. రెండు స్పాంజులుంటే ఈ నెల ఒకటి, వచ్చే నెల ఒకటి. సబ్బు దగ్గరికి రానివ్వొద్దు.

సిక్లిడ్ అంటే మీరెరిగిన చేపే

పేరు కొత్తగా ఉన్నా తిలాపియా కూడా సిక్లిడే. ఆఫ్రికా నుంచి వచ్చిన ఈ చేపను మన దేశంలోకి 1952లో తెచ్చారు. అడుగున మట్టి తవ్వి గుంత చేయడం, పక్క చేపను తరమడం, పిల్లల్ని నోట్లో దాచుకోవడం చెరువులో తిలాపియా చేసే పనులు. ఇందులో చాలా భాగం అద్దాల తొట్టిలో రంగు సిక్లిడ్‌లు కూడా చేస్తాయి. మన దేశానికి సొంత సిక్లిడ్‌లు మూడే. వాటిలో పేరున్నది కేరళవారి కరిమీన్. అపార్టుమెంట్లలో కనిపించే ఆస్కార్, ఏంజెల్, డిస్కస్ దక్షిణ అమెరికావి. నుదుట గడ్డతో, అదృష్టం తెస్తుందని కొనే ఫ్లవర్‌హార్న్ ఏ నదిలోనూ లేదు. 1990ల్లో మలేసియాలో సంకరం చేసి పుట్టించారు. పసుపు, నీలం రంగుల్లో గుంపుగా తిరిగేవి ఆఫ్రికాలోని మలావీ సరస్సువి. ఆ ఒక్క సరస్సులోనే వందల రకాల సిక్లిడ్‌లున్నాయి.

మన బోరు నీళ్లు పనికొస్తాయా?

సబ్బుకు నురగ రాని, కాచిన గిన్నెకు తెల్ల పొర పట్టే కఠిన జలం మన జిల్లాలో చాలా బోర్లలో ఉంది. డిస్కస్‌కు ఈ నీళ్లు పడవు, దాని జోలికి పోకండి. మలావీ చేపలకు మాత్రం ఇవే కావాలి. ఆ సరస్సు నీటి ఉదజని సూచిక (పి.హెచ్.) సుమారు 7.8 నుంచి 8.6. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్ కూడా ఈ నీటిని తట్టుకుంటాయి.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. జాగ్రత్తగా గమనించండి. ఉదజని సూచిక 7 ఉన్న నీళ్లల్లో అమ్మోనియా వందలో ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. అదే 8.5 ఉన్న నీళ్లల్లో, 25 డిగ్రీల వేడిమి దగ్గర, వందకు సుమారు 15 వంతులు విషరూపంలో ఉంటుంది. అంటే మలావీ చేపకు నప్పే నీళ్లల్లోనే అమ్మోనియా ఎక్కువ చంపుతుంది. వేరే చేపలైతే తట్టుకునేంత పొరపాటు ఇక్కడ చెల్లదు. నీళ్లు మాగాలని ఇంతసేపు చెప్పింది అందుకే.

బోరు నీళ్లు తోడిన వెంటనే పోయొద్దు. భూమి లోపలి నీళ్లల్లో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ. డ్రమ్ములో పట్టి ఒక రాత్రి గాలి పంపు పెట్టి ఉంచాలి. నల్లా నీళ్లయితే క్లోరిను పోవడానికి కూడా అలాగే ఒక రోజంతా ఉంచాలి. తొందరైతే దుకాణంలో దొరికే హైపో కలపొచ్చు. వారానికి ఒకసారి నాలుగో వంతు నీళ్లు మాత్రమే మార్చాలి. మొత్తం ఎప్పుడూ మార్చొద్దు. తీసిన నీళ్లు కరివేపాకు చెట్టుకు పోయండి, అందులో నత్రజని ఉంది.

సామాను

మలావీ గుంపుకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి ఉండాలి. ఇందులో సుమారు 250 లీటర్లు పడతాయి. అద్దం, రాళ్లు కలిపితే బరువు 3 క్వింటాళ్లు దాటుతుంది. కాబట్టి టీవీ బల్ల మీద పెట్టేది కాదు. ఇనుప స్టాండు వేసి, అద్దం కింద థర్మోకోల్ పరవాలి. మీద మూత తప్పనిసరి, ఇవి ఎగిరి బయట పడతాయి.

ఫిల్టరు గంటకు తొట్టి నీళ్లను నాలుగైదుసార్లు తిప్పాలి. ఇసుక కింద పలక పెట్టే ఫిల్టరు వద్దు, సిక్లిడ్ తవ్వి పోస్తుంది. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో కింద స్పాంజి, పైన గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు నింపి, చిన్న పంపుతో నీళ్లు తిప్పినా పనిచేస్తుంది. పీచుకు సబ్బు ఉండకూడదు సుమా! కరెంటు పోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు చేతిలో ఉండాలి. కొన్ని గంటలు గాలి ఆడకపోతే చేపలతో పాటు ఆ సూక్ష్మజీవులూ చస్తాయి.

నీటి వేడిమి 24 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. చలికాలం రాత్రుళ్లకు హీటరు కావాలి, లీటరుకు ఒక వాటు లెక్కన చూసుకోవచ్చు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకండి. మోటారు దగ్గర జాగ్రత్తపడే రైతు కూడా ఇక్కడ ఏమరుపాటుగా ఉంటాడు. ఎండాకాలం నీళ్లు 30 దాటితే గాలి పెంచండి, మేత తగ్గించండి.

రాళ్లు బాగా పేర్చాలి, దాక్కోవడానికి సందులుండాలి. లేకపోతే బలమైన మగచేప మిగతావాటిని చంపుతుంది. తాండూరు నాపరాయి సున్నపు రాయి, మెల్లగా కరిగి నీటి కాఠిన్యం నిలబెడుతుంది. మలావీ చేపలకు మేలే. ఏది సున్నపు రాయో తెలియాలంటే నిమ్మరసం పిండి చూడండి, బుడగలొస్తే అదే. ఖాజాగూడ గుట్టల్లాంటి నల్లరాయి, గులాబీ రాయి నీటిని మార్చదు. (అలాగని గుట్ట తవ్వుకురమ్మని కాదు!) ముందు రాళ్లు పేర్చి తర్వాతే ఇసుక పోయండి. ఇసుక మీద పేర్చితే చేప కింద తవ్వుతుంది, రాయి జారి అద్దం పగులుతుంది.

మేత, పిల్లలు

రాళ్లమీద పాచి తినే మలావీ రకాలకు మాంసం మేత, ఎర్రపురుగులు పెడితే కడుపుబ్బి చస్తాయి. స్పైరులినా మేత, ఉడికించిన పాలకూర, పొట్టు తీసిన బటాణీ పెట్టండి. రోజుకు రెండు పూటలు, రెండు నిమిషాల్లో తినేంత. ఒక రోజు మానేస్తే ఏమీ కాదు. చెరువు చేపలకు వేసే తవుడు, వేరుసెనగ చెక్క తొట్టిలో వేయొద్దు.

ఒక మగచేపకు మూడు నాలుగు ఆడచేపలుండాలి. పిల్లలు తీయాలనుకునే కొత్తవారికి ఎలక్ట్రిక్ ఎల్లో రకం నయం, కొట్లాట తక్కువ. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని సుమారు మూడు వారాలు మేత ముట్టదు. దవడ ఉబ్బి కనిపిస్తే రోగమని మందులు వేయకండి, నెమ్మదిగా వేరే తొట్టికి మార్చండి.

పెరట్లో సిమెంటు తొట్టి కట్టేవారు కొత్త సిమెంటు సున్నం పోయేదాకా, రెండు మూడు వారాలు, నీళ్లు నింపి మారుస్తూ ఉండాలి. అరటి బోదె ముక్కలు వేయడం మనవాళ్ల అలవాటు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగు చేపల యూనిట్‌కు 3 లక్షల ఖర్చు లెక్కగట్టి, అందులో 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీగా పెట్టారు. ఈ ఏడాది పరిస్థితి ఏమిటో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే అప్పు చేయండి. ముందు ఒక్క తొట్టి ఆరు నెలలు నడిపి, చేప కొనేవాడు ఎవరో చూసుకోండి. ఇళ్ల కాలనీలు మన పక్కనే ఉన్నాయని సరుకు దానంతట అదే అమ్ముడుపోదు. మద్రాసు కొళత్తూరు నుంచి, కలకత్తా నుంచి వచ్చే చేపతో మీ చేప పోటీ పడాలి.

వద్దనుకున్న చేపను మాత్రం చెరువులో వదలొద్దు. తొట్టి అద్దం నాకుతుందని అమ్మే గరుకు పొలుసుల చేప ఇలాగే చెరువుల్లో పడి, ఇప్పుడు దెయ్యం చేప పేరుతో వలలు చింపుతోంది, చేపల రైతులను ఏడిపిస్తోంది. దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా ఇంకొకరికి ఇవ్వండి.

ఖాజాగూడ వాచ్‌మన్ అన్న తొట్టిలో మిగిలిన మూడు చేపలూ బతికాయి. మేత రెండు రోజులు ఆపించి, రోజూ నాలుగో వంతు నీళ్లు మార్పించాం. పై అంతస్తు వారి తొట్టిలోంచి పాత స్పాంజి ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నారు. యజమానులు వచ్చేసరికి నీళ్లు పరీక్షకు నిలిచాయి. జీతంలో కోత సగానికి తగ్గించారట.