పెరటి మడికి ఎంత మట్టి కొనాలి?

గర్భిణీ స్త్రీకి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తక్కువగా ఉంటే దానిని రక్తహీనత అంటాము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. అందుకే క్లినిక్‌కు వచ్చే ప్రతి తల్లికీ ఐరన్ మాత్రలతోపాటు ఆకుకూరలు తినమని చెబుతాము. "పెరట్లో వేసుకుందామంటే అంతా మెరక పోసిన గ్రావెలేనండి, ఏమీ మొలవదు" అని చాలామంది అంటారు.

అలాంటి చోట మట్టి తోలించుకోక తప్పదు. లెక్క లేకుండా ట్రాలీ నిండా తెప్పించుకుంటే మిగిలిన మట్టి వానకు కాలువ పాలవుతుంది. తక్కువ తెప్పించుకొని రెండంగుళాల మందాన పరిస్తే మొక్కలు ఎండకు వాడిపోతాయి. డబ్బు పోయిన ఇంట్లో మళ్లీ మడి వేయరు. కాబట్టి ఈ చిన్న లెక్క ప్రతి తల్లీ నేర్చుకోవాలి.

1. ముందు తవ్వి చూడండి

మడి వేయదలచిన చోట గునపంతో జానెడు లోతు తవ్వండి. మంచి మట్టి తగిలితే కొనే పని లేదు. ఆ మట్టినే గుల్ల చేసి, పైన రెండంగుళాల మందాన చివికిన పశువుల ఎరువు వేసి కలిపితే చాలు. గ్రావెల్, రాళ్లు, సిమెంటు పెళ్లలు తగిలితేనే మట్టి కొనాలి. అప్పుడు కూడా అడుగు నేలను గునపంతో కదిలించాలి. లేకపోతే నీరు దిగక వేళ్లు కుళ్లిపోతాయి.

2. కొలతలు తీసుకోండి

మడి వెడల్పు 3 అడుగులకు మించకూడదు. అప్పుడు మడిలో కాలు పెట్టకుండా రెండు వైపుల నుండీ చేయి అందుతుంది. పొడవు మీ స్థలాన్నిబట్టి ఉంటుంది. తోటకూర, పాలకూర, మెంతికూరలకు 6 నుండి 9 అంగుళాల లోతు సరిపోతుంది. వంగ, టమాటా, బెండకు ఒక అడుగైనా ఉండాలి. చుట్టూ ఇటుకలు పేర్చుకుంటే మట్టి జారిపోదు.

3. లెక్క వేయండి

పొడవు, వెడల్పు, లోతు మూడింటినీ అడుగులలోనే గుణించాలి. లోతు అంగుళాలలో ఉంటే 12తో భాగించి అడుగులలోకి మార్చుకోవాలి. 9 అంగుళాలంటే ముప్పావు అడుగు, అనగా 0.75.

ఉదాహరణకు 10 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 9 అంగుళాల లోతు గల మడులు రెండు వేస్తున్నారనుకోండి.

ఒక మడికి: 10 × 3 × 0.75 = 22.5 ఘనపుటడుగులు.
రెండు మడులకు: 45 ఘనపుటడుగులు.

గుల్లగా ఉన్న మట్టి నీళ్లు పోయగానే అణుగుతుంది. అందుకని ఐదో వంతు అదనంగా కలపాలి. 45కు 9 కలిపితే 54.

ఇదంతా మట్టే కానక్కరలేదు. రెండు పాళ్లు మట్టి, ఒక పాలు చివికిన ఎరువు. అంటే మట్టి 36 ఘనపుటడుగులు, ఎరువు 18 ఘనపుటడుగులు.

4. బకెట్లలోకి, ట్రాలీలలోకి మార్చండి

ఒక ఘనపుటడుగు అంటే 28 లీటర్ల పైచిలుకు. 20 లీటర్ల పెయింటు బకెట్‌తో కొలిస్తే 10 ఘనపుటడుగులకు సుమారు 14 బకెట్లు. మన ఉదాహరణలో 36 ఘనపుటడుగులకు సుమారు 51 బకెట్ల మట్టి.

ట్రాలీలన్నీ ఒకే కొలతలో ఉండవు. టేపు పెట్టి లోపలి కొలత తీసుకోండి. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉంటే 120 ఘనపుటడుగులు. మీకు కావలసింది 36 మాత్రమే గనుక మూడిళ్లవారు కలిసి ఒక ట్రాలీ తెప్పించుకోవచ్చు. మిగిలిన డబ్బు ఎరువుకూ విత్తనాలకూ పనికివస్తుంది.

5. మేడమీద వేసేవారికి

తడిసిన మట్టి ఘనపుటడుగు 45 కిలోలు, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ బరువుంటుంది. మనుషులు తిరిగే మామూలు డాబా కప్పును చదరపు అడుగుకు సుమారు 15 కిలోల అదనపు బరువుకు లెక్కించి కడతారు. కాబట్టి ఇంజనీరును అడగకుండా స్లాబు మీద మట్టి పరచవద్దు. దూలాల మీదుగా, గోడల వెంబడి కుండీలు పెట్టుకోండి. అడుగు వెడల్పు, అడుగు లోతు గల కుండీకి సుమారు ఒక పెయింటు బకెట్ మట్టి పడుతుంది.

6. ఆరోగ్య జాగ్రత్తలు

* మురుగు కాలువ పూడిక, సెప్టిక్ ట్యాంకు దగ్గరి మట్టి, పాత బ్యాటరీలు విప్పే చోటి మట్టి తీసుకోవద్దు.
* పచ్చి పేడ వేయకండి. దానిలోని క్రిములు ఆకులకు అంటుతాయి. నెలల తరబడి చివికి, వాసన పోయిన ఎరువే వాడండి.
* మట్టి పనికి చెప్పులు లేకుండా దిగకండి. కొంకి పురుగు పాదాల చర్మం గుండా లోపలికి చేరి, పేగులలో రక్తం పీల్చి రక్తహీనత తెస్తుంది. రక్తం కోసం వేసిన మడి రక్తం పోగొట్టకూడదు.
* మట్టిలో గాయమైతే సబ్బుతో కడిగి, ధనుర్వాతం టీకా విషయం నర్సును అడగండి.
* గర్భిణీలు మట్టి తట్టలు మోయకూడదు.
* కుండీల కింది పళ్లాలలో నీరు నిలవనివ్వకండి. డెంగ్యూ దోమ అక్కడే గుడ్లు పెడుతుంది.

7. మడి నుండి పళ్లెంలోకి

తోటకూర విత్తిన 25-30 రోజులకు కోతకు వస్తుంది. రెండు మడులనూ ఒకేసారి విత్తకుండా రెండు వారాల తేడాతో విత్తితే కూర తెగకుండా ఉంటుంది. ఆకును బాగా కడిగి వండి, నిమ్మరసం పిండుకోండి. అందులోని సి విటమిన్ ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ తాగితే ఆ మేలు తగ్గుతుంది. ఆకుకూర తింటున్నామని మాత్రలు మానకండి. గర్భిణీలు కనీసం 180 రోజులు రోజుకొక ఐరన్-ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి.

అభ్యాసం

8 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, 6 అంగుళాల లోతు గల మడికి మట్టి ఎంత, ఎరువు ఎంత?

జవాబు: 8 × 2.5 × 0.5 = 10. ఐదో వంతు కలిపితే 12 ఘనపుటడుగులు. అందులో మట్టి 8, ఎరువు 4. అంటే మట్టి 11 బకెట్ల పైన, ఎరువు 6 బకెట్లకు కొంచెం తక్కువ. ట్రాలీ పిలవనక్కరలేదు, ఒక తోపుడు బండి రెండుసార్లు తిరిగితే చాలు.