సముద్రపు చరియపై గాలి విహారము

గత సంవత్సరము వర్షకాలమున ఒక తల్లి మా తరగతి గదికి వచ్చి, తన కుమారుడు పంపిన జాబును, ఛాయాపటమును మా చేతికిచ్చెను. ఆ కుమారుడు మన పాఠశాలలోనే చదివినవాడు. ఇప్పుడు అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములో శాన్ డియేగో పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. పటములో ఒక ఎఱ్ఱని గుడ్డరెక్క క్రింద, సన్నని దారములకు వ్రేలాడుచు, సముద్రపుటొడ్డున ఆకాశమందొక మనుష్యుడు కూర్చుండి యుండెను. “మేష్టరుగారూ, ఇది మా అబ్బాయేనట. ఆ దారము తెగినచో ఏమగునండీ?” అని ఆమె యడిగెను. మాకు వెంటనే సమాధానము తోచలేదు. విచారించి చెప్పెదమంటిమి. తరువాత పుస్తకములు చూచియు, ఆ పూర్వవిద్యార్థిని అడిగియు తెలిసికొన్న సంగతులను విద్యార్థుల నిమిత్తము ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా దారముల మాట. ఆ రెక్కకు పారాగ్లైడరని పేరు. అది గొడుగువంటిది కాదు. విమానపు రెక్క ఆకారము గల గుడ్డ సంచి. ముందువైపు తెరచియున్న నోళ్లగుండ గాలి చొచ్చి దానిని బిగువుగా నింపును. ఇట్టి గుడ్డరెక్కను 1964 ప్రాంతమున డొమినా జల్బర్టు కల్పించెను. 1978లో ఫ్రాన్సు దేశమందలి మియెసీ గ్రామమున ముగ్గురు పారాచూటు నేర్చినవారు, విమానముతో పనిలేకుండ కొండవాలున పరుగెత్తియే అట్టి రెక్కలతో ఎగిరిరి. దారములు కెవ్లార్, డైనీమా మొదలగు మిక్కిలి గట్టి నారలతో చేయబడును. పెక్కు దారములు గలవు గనుక బరువును పంచుకొనును. వానిని క్రమముగా పరీక్షించి, అరిగినవానిని మార్చువానికి దారము తెగుటవలని ప్రమాదము అరుదు. తల్లి కంటికి కనబడినది దారము. అపాయమున్నది కంటికి కనబడని గాలియందు.

ఆ బాలుడు ఎగురు చోటు టొర్రీ పైన్స్. అచ్చట 300 అడుగులకు పైబడిన ఇసుకరాతి చరియ పసిఫిక్ మహాసముద్రమున కభిముఖముగ నిలిచియున్నది. పగటివేళ నేల త్వరగా వేడెక్కగా సముద్రమునుండి చల్లగాలి వీచునని భూగోళ పాఠమున చదివితిరి. ఆ గాలి పోయి చరియకు తగిలి, త్రోవలేక పైకి లేచును. పారాగ్లైడరు నిశ్చలమైన గాలిలో సెకనుకు ఒక మీటరునకు కొంచెము పైగా క్రిందికి దిగుచుండును. లేచు గాలి అంతకు మించినదైనచో, దిగవలసిన రెక్క దిగక నిలుచును. 1911లో ఆర్విల్ రైటు కిల్ డెవిల్ ఇసుకదిబ్బలమీద ఇంజను లేని విమానమున 9 నిమిషముల 45 సెకనులు నిలిచినది ఇట్టి గాలిలోనే. 1930లో చార్లెస్ లిండ్‌బర్గు, శాన్ డియేగో దాపుననున్న సోలెడాడ్ కొండనుండి లేచి, ఈ తీరపు చరియల వెంబడినే ఉత్తరముగ ఎగిరెను.

ఇక అపాయము. ఎత్తునుండి పడుదుమనియే అందరును భయపడుదురు. ఈ చరియలమీద నేర్చినవారు భయపడునది వెనుకకు కొట్టుకొని పోవుట. ఒక లెక్క చేయుడు. పారాగ్లైడరు గాలిలో గంటకు 38 కిలోమీటర్లు పోవునను కొందము. ఎదురుగాలి 25 అయినచో అది నేలను బట్టి 13 ముందుకు సాగును. గాలి 38 అయినచో ఉన్నచోటనే నిలుచును. చూచువారికి వింతగాను, ఎగురువానికి హాయిగాను ఉండును. గాలి 45 అయినచో? ముఖము సముద్రమువైపుననే యుండగా, గంటకు 7 కిలోమీటర్ల చొప్పున వెనుకకు, చరియ మీదుగా, జరిగిపోవును. కాలితో త్రొక్కు పట్టీ యొకటి కలదు. దానిచే వేగము కొంత హెచ్చును గాని, అట్లు హెచ్చించినపుడు రెక్క ముందంచు ముడుచుకొనుట సులభమగును. కావున దానిని అక్కరకు దాచుకొనవలెనే గాని, దానిని నమ్మి గట్టిగాలిలో ఎగురరాదు.

చరియ వెనుక ఏమున్నది? గాలిపటము ఎగురవేసిన ప్రతి బాలునికిని ఇది తెలియును. ఇంటి వెనుక గాలిచాటున పటము ఎగురదు. ఒకమారు పైకి, ఒకమారు ప్రక్కకు పోయి తలక్రిందులగును. పెద్ద చరియ అంచు దాటిన గాలియు అట్లే సుడులు తిరుగును. ఆ సుడిలో గుడ్డరెక్క ముడుచుకొనినచో, నేల మిక్కిలి దగ్గర గనుక, ఒడిలోని రెండవ పారాచూటును విప్పుటకు క్షణములు మాత్రమే మిగులును. ఎత్తున నున్నవానికి కాలము దొరకును. తక్కువ ఎత్తున నున్నవానికే దొరకదు. ఈ మాట మా తరగతిలో చెప్పినపుడు బాలురు నమ్మలేదు.

మరియొక సంగతి. చరియ పాదమున గాలి ఎంతయున్నదో అంచున అంతకంటె ఎక్కువ యుండును; దారి ఇరుకైనందున త్వరపడి పోవును. గాలి బలము వేగము యొక్క వర్గము ననుసరించును. గంటకు 20 అయిన గాలి 30 అయినచో బలము ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు. 25 చదరపు మీటర్ల గుడ్డను నేలమీద విప్పినవానిని అది ఈడ్చుకొని పోగలదు. అందుచేత అచ్చటివారు రెక్క విప్పకమునుపు చాలసేపు సముద్రమును చూతురట. దూరమున నీటిపై తెల్లని నురుగు తలలు అక్కడక్కడ నుండి అంతటను వ్యాపించుచున్నచో, రాబోవు గాలి హెచ్చినదని గుర్తు.

త్రోవ నియమమును మేము వరండాలో ఆడించి చూపితిమి. గోడను చరియ యనుకొని, ఇద్దరు బాలురు ఎదురెదురుగ గోడవెంట నడచిరి. కుడిచేతివైపు గోడ యున్నవాడు కుడికి తొలగజాలడు. కావున వాడు నేరుగ పోవలెను. ఎడమవైపు గోడ యున్నవాడే తన కుడికి, అనగా సముద్రమువైపునకు, తొలగవలెను. తిరుగుటయు ఎప్పుడును సముద్రమువైపునకే. మొదటి ఆటలో ఇద్దరును ఢీకొనిరి. మూడవ ఆటలో ఎవరును ఢీకొనలేదు. టొర్రీ పైన్స్ వద్ద పారాగ్లైడర్లే గాక, గట్టి రెక్కల హాంగ్‌గ్లైడర్లును, బొమ్మ విమానములును ఒకే గాలిని పంచుకొనును. వేగములు వేరు గనుక, క్రొత్తగా వచ్చినవాడు మొదట స్థలపు నియమములు అడిగి తెలిసికొనవలెను.

గాలి తగ్గినచో పైన దిగుటకు వీలులేక క్రింది ఇసుకలో దిగవలసి వచ్చును. పోటు సమయమున ఆ ఇసుక సన్నబడిపోవును. నీటిలో దిగుట అన్నిటికంటె చెడ్డది. వీపున నున్న మెత్త తేలి మనుష్యుని ముఖమును నీటిలోనికి త్రోయును, దారములు కాళ్లకు చుట్టుకొనును, అల గుడ్డను లాగును. ఈత వచ్చిన మాత్రమున చాలదు. కావున పోటుపాటుల వేళలు తెలిసికొని, ఇసుకను చేరుటకు చాలినంత ఎత్తు మిగిలియుండగనే అటు మరలవలెను.

ఇదంతయు ఆ తల్లికి తెలియజెప్పితిమి. ఆమె వినినంతసేపు విని, “అయితే గాలి ఎక్కువైన దినమున వాడు ఎగురకుండ ఉండునా? అది యడిగి వ్రాయుడు” అనెను. వ్రాసితిమి. నెల దాటిన తరువాత ప్రత్యుత్తరము వచ్చెను. వెనుకటి శనివారమున తాను రెక్క మూట వీపున వేసికొని పోయితిననియు, నురుగు తలలు హెచ్చుట చూచి మూట విప్పకయే మూడు గంటలు అంచున కూర్చుంటిననియు, సాయంకాలము ఇంటికి మరలితిననియు అతడు వ్రాసెను. ఆ భాగమును ఆమె మాచేత రెండుమారులు చదివించుకొనెను.