నీటిని నిరోధించు ఫోను: అంకెలు, అనుభవములు

వస్తువును కొనునపుడు మనము దాని గుణమును చూతుము. దాని హద్దు వాడునపుడుగాని తెలియదు. నేడు మన కళాశాల విద్యార్థులలో చాలమందికి స్మార్ట్‌ఫోనే పుస్తకము, నోటుబుక్కు, కెమెరా, బ్యాంకు అయినది. అట్టి సాధనము నీటిని నిరోధించునని చెప్పినపుడు ఆ మాటకు అర్థమేమి, ఆ గుణము ఎంతకాలము నిలుచును అనునవి తెలిసికొనదగిన విషయములు.

గత వర్షాకాలమున ఒక విద్యార్థి చేతిరుమాలులో చుట్టిన ఫోనును తెచ్చి మా భౌతికశాస్త్ర ప్రయోగశాలలో బల్లపై పెట్టెను. వజూ చేయుచుండగా అది చొక్కాజేబునుండి జారి హౌజులో పడినదట. అదే రకపు ఫోనును అతని మిత్రుడు ప్రతిదినము కుళాయిక్రింద కడుగుచుండెను, దానికేమియు కాలేదు. ఆ ధైర్యముతో ఇతడును ఫోనును పైపైన తుడిచి, గంట గడువకముందే ఛార్జింగుకు పెట్టెను. తెర ఒకసారి మెరసి ఆరిపోయెను. సిమ్ కార్డు చెడలేదు గనుక నంబరు నిలిచినది. కాని రెండు సెమిస్టర్ల నోట్సు ఫోటోలు, ఉపకారవేతనమునకై సమకూర్చుకొన్న పత్రముల ప్రతులు అందులోనే ఉండిపోయినవి. “సార్, డబ్బాపైన వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నది గదా!” అని ఆతడు అడిగెను.

ఒకే రకపు ఫోనులలో ఒకటి నిలిచి, మరియొకటి చెడుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసోద్దేశము.

అంకెల అర్థము

ఫోను డబ్బాపై ఐ.పి. 67, ఐ.పి. 68 అను గుర్తులు కనిపించును. ఇవి అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 60529 సంఖ్యగల ప్రమాణమునందు నిర్ణయించినవి. ఇందు మొదటి అంకె ధూళి మొదలగు ఘనపదార్థములకు, రెండవది నీటికి సంబంధించినది. మొదటి అంకె 6 అయినచో ధూళి లోనికి పోదని అర్థము. రెండవ అంకె 7 అయినచో 1 మీటరు లోతున 30 నిమిషములు ముంచినను హాని కలుగదని అర్థము. 8 అయినచో అంతకంటె కఠినమైన పరీక్ష జరిగినదని అర్థము. అయితే ఆ లోతును, కాలమును తయారీదారే ప్రకటించును.

కావున 68 అను గుర్తుగల ఫోనులన్నియు సమానములు కావు. 2016లో వచ్చిన గెలాక్సీ ఎస్7కు 1.5 మీటర్ల లోతు, 30 నిమిషములు అని చెప్పబడినది. 2020లో వచ్చిన ఐఫోన్ 12కు 6 మీటర్లు, 30 నిమిషములు అని చెప్పబడినది. రెంటికిని గుర్తు ఒక్కటే.

మరియొక విశేషము గమనింపదగినది. నిలిచిన నీటిలో మునిగి తట్టుకొన్నది, వేగముగా చిమ్ము నీటిని తట్టుకొనవలెనను నియమము లేదు. ధారకు వేరు పరీక్ష కలదు. రెండవ అంకె 5 అయినచో 6.3 మిల్లీమీటర్ల గొట్టమునుండి నిమిషమునకు 12.5 లీటర్ల చొప్పున నీటిని చిమ్మి చూతురు. అందుచేతనే 2013లో వచ్చిన ఎక్స్‌పీరియా జెడ్‌పై 55, 57 అని రెండు గుర్తులు ప్రకటింపబడినవి. ఈ పరీక్షలన్నియు ప్రయోగశాలలో, క్రొత్త పరికరముపై, మంచినీటితో జరుగునవి. సముద్రము, సబ్బునీరు, వేడినీరు వీనిలో చేరవు.

నీరు లోనికి రాకుండుట ఎట్లు?

ఫోను తెరచుట్టును సన్నని జిగురుపట్టీ ఉండును. సిమ్ కార్డు పెట్టు పలకకు రబ్బరు వలయము ఉండును. కాని స్పీకరు, మైకు రంధ్రములను పూర్తిగా మూయుటకు వీలులేదు. మూసినచో ధ్వని సరిగా వినబడదు. అందుకై అక్కడ అతిసూక్ష్మ రంధ్రములుగల పలుచని పొరను అమర్తురు. తామరాకుపై నీటిబొట్టు అంటక గుండ్రముగా దొర్లుట మనమందరము చూచినదే. ఆ పొరయు అట్లే నీటిని అంటనీయదు. తలతన్యతవలన నీరు ఆ సూక్ష్మ రంధ్రములలో దూరలేదు. గాలి మాత్రము వచ్చి పోవుచుండును.

ఈ వివరణవలననే హద్దులును తేటపడును. సబ్బు నీటి తలతన్యతను తగ్గించును గనుక సబ్బునీరు సులభముగా దూరును. ఆవిరి బిందురూపమున ఉండదు గనుక గాలివలెనే పొరను దాటి లోపల చల్లబడి నీరగును. ప్రతి 10 మీటర్ల లోతునకు నీటి పీడనము ఇంచుమించు ఒక వాతావరణ పీడనమంత పెరుగును. ఎండలో వేడెక్కిన ఫోను చన్నీటిలో పడినచో లోపలి గాలి సంకోచించి, బయటి నీటిని లోనికి లాగుటకు యత్నించును.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. జిగురు పాతబడును. ఫోను క్రిందపడినపుడు చట్రము వెంట్రుకవాసి వంగినను పట్టు తప్పును. మా విద్యార్థిని విచారింపగా, అంతకు ముందటి సంవత్సరము తెర పగిలి, చిన్న దుకాణములో మార్పించినట్లు తెలిసినది. పాత జిగురు తీసివేయబడినది. క్రొత్తది సరిగా పడలేదు. ఆ దినమునుండి డబ్బామీది అంకె ఆ ఫోనుకు వర్తింపదు. మిత్రుని ఫోను నిలిచి, ఇతనిది చెడుటకు ఇదియే కారణమై ఉండును.

వాడినవారి అనుభవములు

ఇట్టి ఫోనులను వాడు నా పరిచితులు చెప్పినదానిలో మొదటిది మేలు. వానలో బస్సుకై నిలుచుండి, భయములేక ఇంటికి ఫోను చేయగలుగుట చిన్న సౌకర్యము కాదు. రెండవది ఆశ్చర్యము: తడిసిన ఫోను చెడదు, కాని చెప్పినమాట వినదు. తెర మన వ్రేలి స్పర్శను విద్యుదావేశపు మార్పునుబట్టి గుర్తించును. నీటిబొట్టులు ఆ మార్పును తారుమారు చేయుటచే తాకినది ఒకటి, తెరచుకొన్నది మరియొకటి అగును. స్పీకరు రంధ్రములలో నీరు నిలిచినపుడు గొంతు దూరమునుండి వచ్చినట్లు వినబడి, ఆరిన పిమ్మట సరియగును.

మూడవది నష్టము. నా మిత్రుడొకడు సముద్రస్నానమున ఫోనుతో చిత్రములు తీసెను. ఆ దినము ఫోను చక్కగా పనిచేసినది. ఇంటికి వచ్చిన కొన్ని దినములకు ఛార్జింగు ఎక్కుట మానినది. ఫోను లోపలి భాగము మూయబడియున్నను, ఛార్జింగు రంధ్రములోని లోహపు కొనలు బయటివే. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును. తడి ఆరకముందే తీగ తగిలించినచో విద్యుద్విశ్లేషణము జరిగి ఆ లోహము క్షయించును. కావున ఫోను నీటినుండి బ్రతికి బయటపడినను, మన తొందరపాటువలన చెడవచ్చును.

తడిసిన ఫోనును బియ్యపు డబ్బాలో పెట్టుట ఇంటింటి వైద్యము. బియ్యపు నలుసులు ఫోనునకు హాని చేయవచ్చును గనుక అట్లు చేయవద్దని 2024లో ఆపిల్ సంస్థ తన సూచనలలో స్పష్టముగా చెప్పినది. రంధ్రము క్రిందికి ఉండునట్లు పట్టి అరచేతిపై మెల్లగా తట్టి, గాలి ఆడు చోట ఉంచవలెను. కనీసము 30 నిమిషములు ఛార్జింగు పెట్టరాదు. పూర్తిగా ఆరుటకు 24 గంటలు పట్టవచ్చును. ఉప్పునీటిలో పడిన ఫోనును ముందుగా మంచినీటితో మెల్లగా కడుగుట మేలు.

మాటయు, బాధ్యతయు

ప్రకటనలో ఫోను నీటిలో ఈదును. వారంటీ పత్రములో మాత్రము నీటివలన కలిగిన నష్టమునకు బాధ్యత లేదని సామాన్యముగా వ్రాసియుండును. అనేక ఫోనులలో తడి తగిలినచో తెలుపునుండి ఎరుపునకు మారు చిన్న చీటీ ఉండును, అదియే సాక్ష్యము. ఈ వైరుధ్యమును కొన్ని దేశములు ప్రశ్నించినవి. 2020 నవంబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌పై 1 కోటి యూరోల జరిమానా విధించినది. నిరోధకత ప్రయోగశాల పరిస్థితులకే పరిమితమని ప్రకటనలలో స్పష్టపరచకపోవుట, మరల వారంటీని నిరాకరించుట అందలి ఆక్షేపణలు. ఈతకొలనులలోను, సముద్రములోను వాడవచ్చునన్న ప్రకటనల విషయమై 2022 జూనులో ఆస్ట్రేలియా ఫెడరల్ కోర్టు శాంసంగ్ ఆస్ట్రేలియా సంస్థను 1 కోటి 40 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లింపుమని ఆజ్ఞాపించినది. మన దేశమున 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనను నిర్వచించినది. కావున రసీదును, ప్రకటనను భద్రపరచుకొనుట వినియోగదారునికి రక్ష.

ముగింపు

“నిరోధించును” అనగా “ఎన్నటికిని రానీయదు” అని కాదు. “ఇంతవరకు, ఇంతసేపు అడ్డుకొనును” అని అర్థము. ఈ గుణము అనుకోని ఆపదకు రక్షగా ఇవ్వబడినదే గాని ఆటకు అనుమతిగా కాదు. ధనికుడు చెడిన ఫోనును మార్చుకొనగలడు. ఇంటిల్లిపాదికి ఒకే ఫోను ఉన్న విద్యార్థికి అది ఒక సంవత్సరపు చదువే కావచ్చును.

విద్యార్థి మిత్రులారా! తెర మార్పించిన ఫోనును నీటికి దూరముగా ఉంచుడు. ముఖ్యమైన పత్రములను, నోట్సును వారమునకొకసారి వేరొకచోట నకలు చేసికొనుడు. కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి: కంప్యూటరు గదిలో ఈ పనికై ఒక యంత్రమును ప్రత్యేకించినచో సొంత కంప్యూటరు లేని పిల్లలకు మహోపకారమగును. ఆ విద్యార్థి పోయిన నోట్సును తోటివారి పుస్తకములనుండి మరల చేతితో వ్రాసికొనుచున్నాడు. అట్టి శ్రమ మరియొకరికి కలుగకుండుగాక!